ఆగని విరేచనాలు, షుగర్ ఫ్రీ పూతరేకులు: ఒక కేస్ స్టడీ

రోగి అనుమతితో, ఆయన్ని గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసు రాస్తున్నాను. గోదావరి జిల్లాల్లో ప్రాక్టీసు చేసే తోటి డాక్టర్లూ, డైటీషియన్లూ, ఇంట్లో షుగర్ పేషెంట్ ఉన్నవాళ్లూ చదవాలని నా కోరిక. జబ్బు కొత్తది కాదు, వైద్యం కూడా కష్టమైనది కాదు. అసలు కారణం దగ్గరికి చేరడానికే ఆరు వారాలు పట్టింది. ఈలోపు మనిషి కిడ్నీలు దెబ్బతినే దాకా వచ్చింది.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 61. ఆత్రేయపురం వైపు ఊరు, కొబ్బరి తోట ఉంది. తొమ్మిదేళ్లుగా టైప్ 2 షుగర్, అంతకు ముందు నుంచే బీపీ. మూడేళ్ల కిందట గుండెకి ఒక స్టెంట్ వేశారు. వాడుతున్న మందులు: షుగర్‌కి మెట్‌ఫార్మిన్ పూటకి ఒక గ్రాము చొప్పున రెండు పూటలా, డాపాగ్లిఫ్లోజిన్ 10 మిల్లీగ్రాములు, బీపీకి టెల్మిసార్టాన్‌తో కలిపి క్లోర్‌థాలిడోన్, గుండెకి ఆస్పిరిన్, కొలెస్టరాల్‌కి అటోర్వాస్టాటిన్. వీటిలో ఏదీ కొత్తగా మొదలుపెట్టింది కాదు. చివరిగా కలిపిన డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఏడాదికి పైగా వాడుతున్నారు.

మార్చి నెల మధ్యలో భార్య, తమ్ముడు కలిసి తీసుకొచ్చారు. సంక్రాంతి అయిన రెండు మూడు వారాల నుంచీ నీళ్ల విరేచనాలు. రోజుకి ఐదు నుంచి ఏడు సార్లు. కడుపు ఉబ్బరం, గుడగుడ, గ్యాస్. రక్తం లేదు, జిగట లేదు, జ్వరం లేదు. బరువు 71 కిలోల నుంచి 67కి పడిపోయింది. నాలుగు రోజులుగా మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయని తమ్ముడు చెప్పాడు.

అప్పటికే రెండు చోట్ల చూపించుకున్నారు. మూడు విడతలు యాంటీబయాటిక్స్ పడ్డాయి. కాలువ నీళ్లే కారణమని ఇంటిల్లిపాదీ నమ్మి, తాగడానికీ వంటకీ కూడా మినరల్ వాటర్ టిన్నులు తెప్పించుకుంటున్నారు. ఈ అనుమానం రావడం సహజం. మన దగ్గర కడుపులో ఏది తేడా చేసినా ముందు కాలువ నీళ్లనే అంటాం, చాలాసార్లు అది నిజం కూడా. కానీ ఆ ఇంట్లో ఇంకెవరికీ విరేచనాలు లేవు, చుట్టుపక్కల ఇళ్లలోనూ లేవు. నీళ్లు మార్చాక కూడా ఈయనకి తగ్గలేదు.

పడుకున్నప్పుడు బీపీ 124/78, నిలబడితే 98/64. నాలుక ఎండిపోయి ఉంది. పొట్ట మెత్తగానే ఉంది, పేగుల శబ్దం ఎక్కువగా వినిపిస్తోంది. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.7. ఆరు నెలల కిందటి రిపోర్టులో అది 1.0. పొటాషియం 3.2, బైకార్బొనేట్ (రక్తంలో ఆమ్లాన్ని సరిచేసే క్షారం) 17, రెండూ తక్కువే. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 7.9, అంతకు ముందు 7.3. మల పరీక్షలో చీముకణాలు, రక్తకణాలు, పరాన్నజీవులు ఏమీ లేవు. సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ చెప్పే పరీక్ష), థైరాయిడ్ మామూలుగానే ఉన్నాయి. డాపాగ్లిఫ్లోజిన్ వాడుతూ నీరసపడిన మనిషికి బైకార్బొనేట్ తక్కువగా ఉంటే, గ్లూకోజ్ ఎక్కువ లేకపోయినా కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) చూసి తీరాలి. చూశాం, పెరగలేదు. అంటే బైకార్బొనేట్ పోతున్నది విరేచనాల్లోనే.

వెంటనే అడ్మిట్ చేసుకుని సెలైన్ ఎక్కించాం, పొటాషియం ఇచ్చాం. డాపాగ్లిఫ్లోజిన్, టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్, మెట్‌ఫార్మిన్ నాలుగూ ఆపాం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మొదటి మూడూ కొనసాగిస్తే కిడ్నీల మీద భారం పెరుగుతుంది, కిడ్నీలు మందగిస్తే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని లాక్టిక్ ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది. వాంతులు, విరేచనాలు మొదలైన రోజున ఏ మాత్రలు ఆపాలో షుగర్ పేషెంటుకి ముందే ఒక చీటీ మీద రాసి ఇవ్వాలి. ఈయనకి ఎవరూ అలా చెప్పలేదు. విరేచనాలు అవుతున్నన్నాళ్లూ ఒక్క పూట తప్పకుండా అన్ని మాత్రలూ వేసుకున్నారు.

రాత్రిపూట లేవట్లేదు

ఆయన మాటల్లో ఒకటి నాకు పట్టుకుంది. ఎన్నిసార్లు వెళ్లినా అంతా పగలే. రాత్రి పదింటికి పడుకుంటే తెల్లారేదాకా లేవాల్సిన పని లేదు.

తొమ్మిదేళ్ల షుగర్ ఉన్నవాళ్లకి నరాలు దెబ్బతిని విరేచనాలు పట్టుకుంటే, అవి సాధారణంగా రాత్రి నిద్రలో లేపుతాయి. పేగు పూత, ఇన్ఫెక్షన్ లాంటివి కూడా వేళ చూడవు. తిన్నప్పుడే వచ్చి, తినకపోతే ఆగిపోయే విరేచనాలంటే, తిన్నదాంట్లో పేగు పీల్చుకోలేని పదార్థమేదో ఉండి, అది నీటిని తన వైపు లాక్కుంటోందన్నమాట. మలంలో సోడియం, పొటాషియం కొలిచి, రెండింటి మొత్తాన్ని రెట్టింపు చేసి 290 నుంచి తీసేస్తే వచ్చే అంకె 100 దాటితే ఇదే రకమని రుజువు. మా ఊరి ల్యాబుల్లో ఆ పరీక్ష చేయరు. కానీ అడ్మిట్ అయిన రోజు సెలైన్ మీద ఉంచి పల్చటి గంజి, మజ్జిగ తప్ప ఏమీ ఇవ్వకపోతే మర్నాటికల్లా విరేచనాలు ఆగిపోయాయి. మాకు ఆ ఆధారం చాలింది.

మెట్‌ఫార్మిన్ మీద అనుమానం మిగిలే ఉంది. ఏళ్ల తరబడి పడిన మెట్‌ఫార్మిన్ కూడా ఒక్కోసారి ఉన్నట్టుండి విరేచనాలు తెప్పిస్తుంది. దాన్నీ అదే రోజు ఆపాం కాబట్టి, తగ్గింది దానివల్లా, తిండి మార్చడంవల్లా అన్నది అప్పటికి తేలలేదు.

సంచీలో ఏమున్నాయి

తీపి తింటున్నారా అని అడిగితే ఆయన కాస్త నొచ్చుకున్నారు. "ఆయ్, స్టెంట్ వేసిన కాణ్ణించీ పంచదార ముట్టుకోలేదండి. కాఫీలో కూడా వేసుకోను. మా ఇంటావిణ్ణి అడగండి" అన్నారు. ఆవిడా అదే చెప్పారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

అప్పుడు వేరే ప్రశ్న అడిగాను. "షుగర్ ఫ్రీ అని ఏమేం తింటున్నారండీ?"

ఆవిడ ముఖం వెలిగింది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కూతురు వచ్చినప్పుడు నాన్న కోసం ప్రత్యేకంగా తెచ్చిందట. అయిపోగానే ఆన్‌లైన్‌లో మళ్లీ పంపిస్తోందట. ఇంట్లో ఉన్న ప్యాకెట్లు, డబ్బాలు, సీసాలు ఒక్కటి కూడా వదలకుండా ఒక సంచీలో వేసి తెమ్మన్నాను. సాయంత్రానికి తమ్ముడు తెచ్చాడు. నర్సమ్మ, నేను కలిసి లేబుళ్లు చదివాం.

బిస్కెట్లు: నూరు గ్రాముల్లో 22 గ్రాముల పాలియాల్స్ (పంచదారకి బదులు కలిపే మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు) అని రాసి ఉంది. పొద్దునా సాయంత్రం కాఫీతో కలిపి రోజుకి సుమారు 50 గ్రాముల బిస్కెట్లు తింటున్నారు. అంటే 11 గ్రాములు.

చాక్లెట్: భోజనం అయ్యాక రెండు ముక్కలు, సుమారు 20 గ్రాములు. దాంట్లో 40 శాతం మాల్టిటాల్. అంటే 8 గ్రాములు.

షుగర్ ఫ్రీ పూతరేకులు: ఒక అట్టపెట్టె. దాని మీద షుగర్ ఫ్రీ అన్న మాట తప్ప ఏమీ లేదు. దుకాణానికి ఫోన్ చేసి, ఫలానా పేషెంట్ కోసం డాక్టరు అడుగుతున్నారని తమ్ముడి చేత అడిగించాను. వాళ్లు ఏమీ దాచలేదు. పంచదార పొడికి బదులు అంతే కొలతలో మాల్టిటాల్ పొడి చల్లుతామని చెప్పారు. పూతరేకుకి పది పన్నెండు గ్రాములు పడుతుందట. ఈయన రోజుకి రెండు తింటున్నారు. అంటే తక్కువలో తక్కువ 20 గ్రాములు.

దగ్గు మందు: షుగర్ ఫ్రీ అని ఉంది. తీపి కోసం కలిపింది సార్బిటాల్. ఎంత కలిపారో లేబుల్ మీద లేదు. ఫిబ్రవరిలో రెండు వారాలు మూడు పూటలా తాగారు.

స్టీవియా పొడి: కాఫీకి. ముందువైపు పచ్చటి ఆకు బొమ్మ, స్టీవియా అని పెద్ద అక్షరాలు. వెనక పదార్థాల జాబితాలో మొదట ఉన్నది ఎరిత్రిటాల్. స్టీవియా చాలా తక్కువ మోతాదులోనే విపరీతమైన తీపి కాబట్టి, చెంచాతో కొలుచుకునేలా చెయ్యడానికి దాన్ని ఎరిత్రిటాల్‌లో కలిపి అమ్ముతారు. డబ్బాలో ఎక్కువ భాగం అదే.

దగ్గు మందు, స్టీవియా పొడి పక్కన పెట్టినా రోజుకి 39 గ్రాముల మాల్టిటాల్ రకం తీపి లోపలికి పోతోంది. ఇదంతా ఆయన దృష్టిలో పథ్యం. అందుకే డాక్టరు అడిగినప్పుడు చెప్పాలని తోచదు. బెల్లం ముక్క తింటే తప్పు చేశామని గుర్తుంటుంది గానీ, షుగర్ ఫ్రీ తిన్నది మంచి పని లెక్కలోకి పోతుంది. తీపి తింటున్నారా అన్న ప్రశ్నకి ఇది ఎప్పటికీ బయటికి రాదు. అందుకే విడిగా, ఇదే మాటతో అడగాలి.

ఇవి కడుపులో ఏం చేస్తాయి

సార్బిటాల్, మానిటాల్, మాల్టిటాల్, జైలిటాల్, ఐసోమాల్ట్, లాక్టిటాల్, ఎరిత్రిటాల్. వీటన్నిటినీ షుగర్ ఆల్కహాల్స్ అంటారు, లేబుళ్ల మీద పాలియాల్స్ అని ఉంటుంది. మత్తుకీ వీటికీ సంబంధం లేదు. ఎరిత్రిటాల్ తప్ప మిగతావాటిని చిన్నపేగు నెమ్మదిగా, కొంతమేరకే పీల్చుకుంటుంది. మిగిలింది పేగులోనే ఉండి నీటిని లాగుతుంది. తలకి దెబ్బ తగిలి మెదడు వాచినవాళ్లకి మానిటాల్ నరానికి ఎక్కించేది ఈ నీటిని లాగే గుణం కోసమే. అలాగే పెద్దపేగుకి చేరిన పాలియాల్స్‌ని అక్కడి బ్యాక్టీరియా పులియబెడుతుంది. ఉబ్బరం, గ్యాస్ దానివల్లే.

సార్బిటాల్ పది గ్రాములు దాటితే చాలామందికి ఉబ్బరం, 20 గ్రాములు దాటితే ఎందరికో విరేచనాలు అవుతాయి. మాల్టిటాల్‌ని ఇంకాస్త ఎక్కువ తట్టుకుంటారు. మనిషి మనిషికీ తేడా ఉంటుంది. ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, విరేచనాలు తేడా చేసే పేగు సమస్య) ఉన్నవాళ్లకి కొద్దిగా తిన్నా ఇబ్బందే. 2008లో జర్మన్ డాక్టర్లు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇద్దరు రోగుల గురించి రాశారు. ఒకామె వయసు 21, ఇంకొకాయన 46. ఇద్దరూ నెలల తరబడి విరేచనాలతో బాధపడ్డారు. ఆమె 11 కిలోలు, ఆయన 22 కిలోలు తగ్గిపోయారు. చివరికి తేలిందేమిటంటే షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్, మిఠాయిల ద్వారా రోజుకి 20 నుంచి 30 గ్రాముల సార్బిటాల్ పోతోంది. మానేయగానే తగ్గిపోయింది. మా పేషెంట్ కథ దీనికి దగ్గరగా ఉంది, ఆయన తిన్నవి గోదావరి జిల్లా మిఠాయిలు అంతే.

మాల్టిటాల్ సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. అది పేగులో విడిపోయినప్పుడు సగం గ్లూకోజ్, సగం సార్బిటాల్ అవుతుంది. ఆ గ్లూకోజ్ రక్తంలో కలుస్తుంది. సార్బిటాల్ నీటిని లాగుతుంది. గ్రాముకి పంచదార నాలుగు కేలరీలు ఇస్తే మాల్టిటాల్ రెండుకి పైగా ఇస్తుంది. గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నది రక్తంలో షుగర్‌ని ఎంత పెంచుతుందో చెప్పే అంకె) సుమారు 35, పంచదారది 65. తక్కువే, కానీ సున్నా కాదు. పైగా పూతరేకు అంటేనే బియ్యప్పిండి పొర, నెయ్యి. షుగర్ ఫ్రీ అన్న ధైర్యంతో ఒకటి తినేచోట రెండు, పండక్కి తినేచోట రోజూ తింటే హెచ్‌బీఏ1సీ 7.3 నుంచి 7.9కి పెరగడంలో వింతేమీ లేదు.

తోటి డాక్టర్లలో కొందరు అడిగే సందేహం ఒకటుంది. షుగర్ ఎక్కువైతే కంటి కటకంలో, నరాల్లో సార్బిటాల్ పేరుకుంటుందని చదువుకున్నాం కదా, నోటితో తిన్న సార్బిటాల్ కూడా అంతే చేస్తుందా అని. చెయ్యదు. అది కణం లోపల గ్లూకోజ్ నుంచి తయారయ్యేది. తిన్న సార్బిటాల్‌లో రక్తంలోకి వెళ్లిన భాగాన్ని లివర్ ఫ్రక్టోజ్‌గా మార్చేస్తుంది.

మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం పాలియాల్స్ 10 శాతం, ఆపైన ఉన్న ఆహారం మీద విరేచనకారి గుణం ఉండవచ్చని రాయాలి. ఆ బిస్కెట్ ప్యాకెట్ మీద రాశారు కూడా, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో. ఆరో తరగతితో చదువు ఆపేసిన రైతుకి అది కనబడినా ఉపయోగం లేదు. విడిగా తూచి అమ్మే స్వీట్ల విషయంలో ఆ మాత్రం కూడా లేదు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంత పేరున్న మిఠాయికి షుగర్ ఫ్రీ రకం చేసి అమ్మేటప్పుడు ఇందులో మాల్టిటాల్ ఉంది, రోజుకి ఒకటి మించి తినొద్దు అని పెట్టె మీద తెలుగులో రెండు ముక్కలు అచ్చువేయడం పెద్ద ఖర్చు కాదు.

తర్వాత ఏం జరిగింది

సంచీలోవన్నీ పక్కన పెట్టించాం. మూడో రోజుకి మామూలు అన్నం, పప్పు, కూర తింటున్నా విరేచనాలు లేవు. నాలుగో రోజు ఇంటికి పంపాం. అప్పటికి క్రియాటినిన్ 1.3. షుగర్‌కి తాత్కాలికంగా లినాగ్లిప్టిన్ ఇచ్చాం. పది రోజులకి క్రియాటినిన్ 1.0కి వచ్చాక మెట్‌ఫార్మిన్ తిరిగి మొదలుపెట్టాం. ముందు సగం మోతాదు, వారం తర్వాత పూర్తిగా. విరేచనాలు తిరిగి రాలేదు. దీంతో మెట్‌ఫార్మిన్ మీద అనుమానం తీరింది. తర్వాత టెల్మిసార్టాన్, ఆ తర్వాత డాపాగ్లిఫ్లోజిన్ ఒక్కొక్కటిగా కలిపాం. బీపీ అదుపులోనే ఉండటంతో క్లోర్‌థాలిడోన్ అవసరం పడలేదు.

కావాలని మళ్లీ తినిపించి పరీక్షించడం నాకు ఇష్టం లేదు, కిడ్నీలు అప్పుడే కోలుకుంటున్నాయి. ఆ పరీక్ష దానంతటదే జరిగింది. ఏప్రిల్ చివర్లో బంధువుల గృహప్రవేశానికి వెళ్తే, షుగర్ ఉన్నవాళ్ల కోసమని వేరుగా పెట్టిన పళ్లెంలోంచి మొహమాటానికి మూడు పూతరేకులు తిన్నారు. సాయంత్రానికి ఉబ్బరం, రాత్రి భోజనం లోపు మూడుసార్లు విరేచనం. మర్నాటికి సర్దుకుంది. నేను రాసిచ్చిన చీటీ ప్రకారం ఆ పూట డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర వేసుకోకుండా, ఓఆర్‌ఎస్ తాగి, మర్నాడు పొద్దున ఫోన్ చేశారు.

గుండె సంగతి

రెండో విజిట్‌లో కూతురు కూడా వచ్చింది. ఆ అమ్మాయి బాగా టెన్షన్ పడుతోంది. ప్రేమగా పంపించినవే నాన్నకి ఇంత పని చేశాయని కళ్లనీళ్లు పెట్టుకుంది. నీ తప్పేం లేదమ్మా, ప్యాకెట్ మీద ఉన్నది చూసి ఎవరైనా అదే కొంటారు అని చెప్పాను. అప్పుడు ఫోన్‌లో ఒక వీడియో చూపించి, స్టీవియా డబ్బాలో ఉన్న ఎరిత్రిటాల్ వల్ల గుండెపోటు వస్తుందట, నిజమేనా అని అడిగింది. స్టెంట్ ఉన్న మనిషి విషయంలో ఈ ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పాలి.

కడుపు విషయంలో ఎరిత్రిటాల్ మిగతావాటికంటే నయం. దాదాపు 90 శాతం చిన్నపేగులోనే పీల్చుకోబడి, మారకుండా మూత్రంలో పోతుంది. షుగర్ పెంచదు. అందుకే అందరూ దాన్ని మెచ్చుకున్నారు. 2023లో అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్ క్లినిక్ పరిశోధకులు నేచర్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికా, యూరప్‌లలో గుండెజబ్బు పరీక్షలకి వచ్చిన నాలుగు వేలకు పైగా మందిని చూస్తే, రక్తంలో ఎరిత్రిటాల్ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లలో మూడేళ్లలో గుండెపోటు, పక్షవాతం, మరణం దాదాపు రెట్టింపుగా కనిపించాయి. 30 గ్రాములు కలిపిన పానీయం ఆరోగ్యవంతులకి ఇస్తే రక్తంలో దాని స్థాయి రెండు రోజులకి పైగా ఎక్కువగానే ఉంది. 2024లో అదే బృందం 20 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగంలో, 30 గ్రాముల ఎరిత్రిటాల్ తాగాక ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) గడ్డకట్టే స్వభావం పెరిగింది, అంతే గ్లూకోజ్ తాగినవాళ్లలో పెరగలేదు. జైలిటాల్ మీద కూడా 2024లో ఇలాంటి ఫలితాలే ప్రచురించారు.

ఇది గుండెపోటు తెప్పిస్తుందని తేలిపోయినట్టు కాదు. మన శరీరం కూడా గ్లూకోజ్ నుంచి ఎరిత్రిటాల్ తయారుచేసుకుంటుంది. షుగర్, ఊబకాయం ఉన్నవాళ్లలో అది ఎక్కువగా తయారవుతుంది. కాబట్టి రక్తంలో కనిపించింది తిన్నదా, జబ్బువల్ల తయారైనదా అన్నది మొదటి అధ్యయనం విడదీయలేదు. ప్లేట్‌లెట్ల ప్రయోగం చిన్నది, ఒక్క మోతాదుకి సంబంధించింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో ఎరిత్రిటాల్‌కి రోజుకి కిలో బరువుకి అర గ్రాము అన్న పరిమితి పెట్టింది, అదీ ప్రధానంగా విరేచనాలను దృష్టిలో పెట్టుకునే. అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, బరువు తగ్గడానికి పంచదారకి బదులు ఆస్పర్టేమ్, స్టీవియా లాంటి తీపి పదార్థాలు వాడొద్దని చెప్పిన మార్గదర్శకాల్లో షుగర్ ఆల్కహాల్స్‌ని చేర్చలేదు. వీడియోల్లో ఈ రెండింటినీ కలిపేసి చెబుతున్నారు.

నా అభిప్రాయం ఇలా చెప్పాను. స్టెంట్ ఉండి, షుగర్ ఉండి, ఆస్పిరిన్ వాడుతున్న మనిషికి ప్లేట్‌లెట్లను కొద్దిగానైనా రెచ్చగొట్టే అవకాశమున్న పదార్థం అవసరం లేదు. అది మందు కాదు, మానేస్తే నష్టమేమీ లేదు. రుజువు వచ్చేదాకా ఆగడంలో ప్రమాదం ఉంది గానీ, కాఫీలో ఒక డబ్బా తీసేయడంలో లేదు. పళ్ల కోసం జైలిటాల్ గమ్ నమిలే కుర్రాళ్లకి నేను ఈ మాట చెప్పను, వాళ్ల మోతాదు వేరు, గుండె వేరు. అన్నట్టు ఇంట్లో కుక్క ఉంటే మాత్రం ఆ గమ్ దానికి అందకూడదు. కొంచెం జైలిటాల్‌కే కుక్కలకి షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది, లివర్ దెబ్బతింటుంది.

ఆయన ఇప్పుడు కాఫీ తీపి లేకుండానే తాగుతున్నారు. మొదటి పది రోజులు చేదుగా ఉందని గొణిగారట, తర్వాత అలవాటైంది. పండక్కి ఒక్క మామూలు బెల్లం పూతరేకు, అన్నం తగ్గించుకుని తింటానంటే సరేనన్నాను. జులైలో హెచ్‌బీఏ1సీ 7.2, క్రియాటినిన్ 1.0, బరువు 70 కిలోలు. ఆయన కేస్ షీట్ మీద డ్రగ్ అలర్జీలు రాసే చోటు కింద షుగర్ ఫ్రీ పదార్థాలు అని ఒక వరుస చేర్చాం. మా క్లినిక్‌లో ఇప్పుడు ప్రతి షుగర్ పేషెంట్ దగ్గరా నర్సమ్మ ఆ వరుస నింపిన తర్వాతే ఫైలు నా గదికి వస్తుంది.